మోర్గాన్ గుర్రం: పొట్టితనంపై మోపిన నింద

అమెరికా ఈశాన్య భాగంలోని వెర్మాంట్ రాష్ట్రంలో రూపుదిద్దుకొని, రెండు వందల ఏళ్లకు పైగా నాగలికీ బండికీ జీనుకూ ఒకేలా పనికొచ్చిన మోర్గాన్ జాతి గుర్రం గురించి స్వారీ లోకంలో ఒక అభిప్రాయం గట్టిగా పాతుకుపోయింది. ఆ జాతి చూడముచ్చటైనదనీ, సాధువైనదనీ, పిల్లల స్వారీకీ, బండికి కట్టడానికీ, ప్రదర్శనల్లో మెడ ఎత్తి నడిపించడానికీ తగినదనీ, అయితే ఈవెంటింగ్ వంటి కఠినమైన క్రీడ దాని వల్ల అయ్యే పని కాదనీ ఆ అభిప్రాయ సారాంశం. ఆ క్రీడలోకి దిగదలచినవారు హైదరాబాద్ మలక్‌పేట పందేల్లో పరుగెత్తే థరోబ్రెడ్ జాతినో, జర్మనీ, నెదర్లాండ్స్ వంటి దేశాలు క్రీడల కోసమే తరతరాలుగా ఎంపిక చేసి పెంచిన వార్మ్‌బ్లడ్ అనే పొడవాటి జాతులనో కొనాలని శిక్షకులు చెబుతారు, అమ్మకందారులు చెబుతారు, విన్నవారు మరొకరికి చెబుతారు. క్రీడ నిబంధనలను, జాతి చరిత్రను, గుర్రం శరీర నిర్మాణాన్ని పక్కపక్కన పెట్టి పరిశీలిస్తే ఈ తీర్పు నిలవదని, పైగా అది ఎందరో సామాన్య రౌతులకు హాని చేస్తోందని నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పూర్వపక్షాన్ని ముందుగా న్యాయంగా చెప్పుకోవాలి. మోర్గాన్‌పై వినిపించే అభ్యంతరాలు ప్రధానంగా ఐదు. మొదటిది ఎత్తు: గుర్రం ఎత్తును మెడ మొదట్లోని మూపు దగ్గర, నాలుగు అంగుళాలను ఒక హ్యాండ్‌గా లెక్కగట్టి కొలుస్తారు, మోర్గాన్ జాతి ప్రమాణం 14 హ్యాండ్ల ఒక అంగుళం నుంచి 15 హ్యాండ్ల రెండు అంగుళాల వరకు, అంటే దాదాపు 145 నుంచి 157 సెంటీమీటర్ల వరకు ఉండగా, ఈవెంటింగ్‌లో కనిపించే థరోబ్రెడ్లు సాధారణంగా 160 సెంటీమీటర్లకు అటూఇటుగా ఉంటాయి. రెండవది వేగం చాలదన్నది. మూడవది, నిటారుగా లేచే మెడ, ఎత్తుగా లేచే మోకాలు బండి లాగే గుర్రానివే తప్ప స్వారీ గుర్రానివి కావన్నది. నాలుగవది, అత్యున్నత పోటీల విజేతల జాబితాలో ఈ జాతి పేరు కనిపించదన్నది. ఐదవది, తక్కిన నాలుగింటికీ మూలమైనది: అన్ని పనులూ చేయగలిగే జంతువు ఏ ఒక్క పనిలోనూ శ్రేష్ఠం కాలేదన్నది. ఈ ఐదవ అభ్యంతరాన్ని ముందుగా పరిశీలించడం అవసరం. ఎందుకంటే అది మోర్గాన్‌నే కాదు, ఈవెంటింగ్ అనే క్రీడనే తప్పుగా అర్థం చేసుకుంటోంది.

ఈవెంటింగ్ అంటే ఒకే గుర్రం, ఒకే రౌతు మూడు పరీక్షలకు నిలిచే పోటీ. మొదటిదైన డ్రెస్సాజ్‌లో గుర్రం రౌతు సూక్ష్మ సంకేతాలకు లోబడి, నిర్ణీత మైదానంలో లయతో, నెమ్మదితో కదలాలి. రెండవదైన క్రాస్ కంట్రీలో గుట్టలు, కందకాలు, నీటి మడుగులు, కదలని దుంగల అడ్డంకులు ఉన్న బయలు దారిని నిర్ణీత సమయంలో దాటాలి. మూడవదైన షో జంపింగ్‌లో, తాకితే పడిపోయే కర్రల మీదుగా జాగ్రత్తగా దూకాలి. బెంగళూరుకు చెందిన ఫౌవాద్ మీర్జా టోక్యో ఒలింపిక్స్‌లో భారత్ తరఫున పోటీపడినది ఈ క్రీడలోనే. 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో ఇది మొదటిసారి ప్రవేశించినప్పుడు సైనికాధికారులకు మాత్రమే అందులో స్థానం ఉండేది. సైనికుని వాహనం కవాతులో క్రమశిక్షణతో, దూరప్రయాణంలో ఓర్పుతో, అడ్డంకుల వద్ద ధైర్యంతో, మరునాడు తిరిగి పనికి సిద్ధంగా ఉంటుందో లేదో తేల్చడానికే ఈ పరీక్షలను కల్పించారు. అంటే బహుముఖ సామర్థ్యాన్ని కొలవడానికే పుట్టిన క్రీడ ఇది. డ్రెస్సాజ్‌లో మాత్రమే మేటి అయిన గుర్రం గాని, పరుగులో మాత్రమే మేటి అయిన గుర్రం గాని ఇందులో నెగ్గదు. అటువంటి క్రీడకు ఒక జాతి పనికిరాదనడానికి దాని బహుముఖత్వాన్నే కారణంగా చూపడం తర్కవిరుద్ధం.

మోర్గాన్ చరిత్ర ఈ సైనిక పరీక్షకు ఎంత దగ్గరగా ఉందో చూడవలసి ఉంది. ఈ జాతికి మూలపురుషుడైన ఫిగర్ అనే గుర్రం 1789లో మసాచుసెట్స్‌లోని వెస్ట్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పుట్టింది. సంగీతం నేర్పుతూ బతికిన జస్టిన్ మోర్గాన్ అనే ఉపాధ్యాయునికి అది బాకీ కింద చేరిందని చెబుతారు. ఆయన దానిని వెర్మాంట్‌లోని రాండాల్ఫ్‌కు తీసుకెళ్లాడు, కాలక్రమంలో ఆయన పేరే జాతికి నిలిచింది. ఇంచుమించు 14 హ్యాండ్ల ఎత్తున్న ఆ గుర్రం అడవి నరికిన పొలాల్లో దుంగలు లాగింది, ఊరి పందేల్లో పరుగెత్తింది, జీను కింద నడిచింది, సైనిక కవాతుల్లో అధికారులను మోసింది. 1821లో, 32వ ఏట, మరో గుర్రం తన్నిన దెబ్బకు చనిపోయింది. షెర్మన్, బుల్‌రష్, వుడ్‌బరీ అనే దాని కొడుకుల ద్వారా ఆ లక్షణాలు వంశానికి స్థిరంగా సంక్రమించాయి. షెర్మన్‌కు పుట్టిన బ్లాక్ హాక్, బ్లాక్ హాక్‌కు పుట్టిన ఈతన్ ఆలెన్ పంతొమ్మిదవ శతాబ్దపు ట్రాట్ పందేల్లో దేశమంతటా పేరు పొందాయి. ట్రాట్ అంటే ఐమూలగా ఉన్న ముందుకాలు, వెనుకకాలు జతగా కదిలే రెండు తాళాల నడక. అమెరికా అంతర్యుద్ధంలో మొదటి వెర్మాంట్ ఆశ్వికదళం మోర్గాన్ల మీదే కదిలింది. 1863 జూలై 3న గెటిస్‌బర్గ్‌లో రాళ్లూ గోడలూ నిండిన నేల మీద ఆ దళం దాడి చేసింది. నాలుగేళ్ల యుద్ధంలో సైనికులు ఈ జాతిని మెచ్చుకున్నది దాని మెడ వంపు చూసి కాదు. తక్కువ మేతతో బతికి, రోజుల తరబడి నడిచి, తుపాకీ మోతకు బెదరకుండా నిలిచినందుకు.

వేగం చాలదన్న అభ్యంతరానికి క్రీడ నిబంధనలే జవాబు చెబుతాయి. అమెరికాలో ఈవెంటింగ్ అనేక స్థాయులుగా ఉంటుంది. బిగినర్ నావిస్ స్థాయిలో క్రాస్ కంట్రీ అడ్డంకుల గరిష్ఠ ఎత్తు 80 సెంటీమీటర్లు, వేగం నిమిషానికి 300 నుంచి 350 మీటర్లు. నావిస్ స్థాయిలో 90 సెంటీమీటర్లు, 350 నుంచి 400 మీటర్లు. ట్రైనింగ్ స్థాయిలో ఒక మీటరు, 420 నుంచి 470 మీటర్లు. ప్రిలిమినరీలో 1.10 మీటర్లు, 520 మీటర్ల వేగం. అన్నిటికంటే పైదైన అడ్వాన్స్‌డ్ స్థాయిలో 1.20 మీటర్లు, 570 మీటర్ల వేగం. ఈ అంకెల అర్థం గమనించాలి: 400 మీటర్ల వేగమంటే గంటకు 24 కిలోమీటర్లు, 470 అంటే గంటకు దాదాపు 28 కిలోమీటర్లు, అడ్వాన్స్‌డ్‌కు సైతం గంటకు 34 కిలోమీటర్లే చాలు, పందెపు థరోబ్రెడ్ పరుగు గంటకు 60 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. పోటీల్లో పాల్గొనే రౌతుల్లో అత్యధికులు ట్రైనింగ్ స్థాయి లోపలే ఉంటారు, చాలామంది జీవితమంతా అక్కడే సంతోషంగా స్వారీ చేస్తారు. ఆ స్థాయులు కోరే వేగం ఆరోగ్యంగా, కండపట్టుతో, సరైన శిక్షణతో ఉన్న మోర్గాన్‌కు సునాయాసంగా అందేదే. నిజానికి ఈ కింది స్థాయుల్లో మరీ తొందరగా ముగించినవారికి కూడా నిబంధనలు జరిమానా విధిస్తాయి, ఎందుకంటే అక్కడ పరీక్షిస్తున్నది అదుపును.

జరిమానాల లెక్క ఈ వాదాన్ని మరింత బలపరుస్తుంది. క్రాస్ కంట్రీలో నిర్ణీత సమయానికి మించిన ప్రతి సెకనుకు 0.4 జరిమానా పాయింటు పడుతుంది. గుర్రం ఒక్కసారి అడ్డంకి ముందు ఆగిపోయినా, పక్కకు తప్పుకున్నా 20 పాయింట్లు పడతాయి. అంటే ఒక్క నిరాకరణ 50 సెకన్ల ఆలస్యంతో సమానం. షో జంపింగ్‌లో ఒక కర్ర పడితే 4 పాయింట్లు, అది క్రాస్ కంట్రీలో 10 సెకన్ల ఆలస్యానికి సాటి. కాబట్టి ఈ క్రీడను గెలిపించే గుణాల్లో మొట్టమొదటిది వేగం కాదు. కొత్త అడ్డంకిని చూసి సంకోచించినా రౌతు మాట మీద నమ్మకంతో ముందుకు సాగే స్వభావం. నీటిలో దిగమంటే దిగి, కందకం దాటమంటే దాటే గుర్రం, 10 సెకన్లు ఆలస్యమైనా సరే, మెరుపు వేగంతో వచ్చి అడ్డంకి ముందు ఆగిపోయే గుర్రాన్ని వెనక్కి నెడుతుంది. మోర్గాన్‌ను పెంచినవారు తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చినది సరిగ్గా ఈ స్వభావాన్నే: మనిషి సాంగత్యం కోరడం, చెప్పినది త్వరగా గ్రహించడం, పని పట్ల ఉత్సాహం, ప్రమాదంలో గుండె నిబ్బరం.

ఎత్తు విషయంలో రెండు వేర్వేరు ప్రశ్నలను కలిపేసి మాట్లాడటం ఆనవాయితీ అయింది. పొట్టి గుర్రం బరువు మోయగలదా అన్నది ఒకటి, ఎత్తుగా దూకగలదా అన్నది మరొకటి. మొదటిదానికి జవాబు మూపు ఎత్తులో ఉండదు. వీపు పొడవులో, నడుము పట్టులో, ఎముక దిట్టతనంలో ఉంటుంది. రౌతు, జీను కలిసి గుర్రం బరువులో ఐదో వంతు మించరాదన్నది విస్తృతంగా పాటించే సూత్రం. 450 కిలోల మోర్గాన్‌కు అది 90 కిలోలు, సగటు వయోజనునికి చాలినంత. పొట్టి వీపు, విశాలమైన నడుము, వలయంగా విచ్చుకున్న పక్కటెముకలు, గట్టి గిట్టలు ఉన్న ఈ జాతి తన పరిమాణానికి మించిన బరువు మోయగలదని బండి దారులు, యుద్ధ దారులు ఎప్పుడో తేల్చాయి. రెండవ ప్రశ్నకు క్రీడ చరిత్రే జవాబు. 1968లో మెక్సికో ఒలింపిక్స్ షో జంపింగ్‌లో వ్యక్తిగత రజతం గెలిచిన స్ట్రోలర్ ఒక పోనీ, అంటే పొట్టి జాతుల గుర్రం. 1976లో మాంట్రియల్‌లో ఈవెంటింగ్ జట్టు స్వర్ణం గెలిచిన అమెరికా జట్టులో మార్కస్ ఆరేలియస్ అనే 15 హ్యాండ్ల గుర్రం ఉంది. 14 హ్యాండ్లకు కొద్దిగా మించిన థియోడర్ ఒకానర్ 2007లో కెంటకీలోని అత్యున్నత స్థాయి పోటీలో మూడవ స్థానం సాధించి, అదే ఏడాది రియోలో జరిగిన పాన్ అమెరికన్ క్రీడల్లో వ్యక్తిగత స్వర్ణం గెలిచింది. ఇవి మోర్గాన్లు కావు, వీటిలో కొన్నింటిలో థరోబ్రెడ్ రక్తం గణనీయంగా ఉంది. ఆ సంగతి దాచనవసరం లేదు. వీటి విజయం నిరూపించేది ఒక్కటే: మూపు ఎత్తు తక్కువైనంత మాత్రాన దూకే శక్తి తక్కువ కాదు.

ఎత్తుకు సంబంధించి నిజంగా ఆలోచించవలసిన ఇబ్బంది ఒకటుంది, దానిని విమర్శకులు తరచు సరిగా చెప్పరు. షో జంపింగ్‌లో జంటగా ఉండే అడ్డంకుల మధ్య దూరాన్ని సుమారు 12 అడుగుల అంగను ఊహించి నిర్ణయిస్తారు. అంగ పొట్టిదైన గుర్రం రెండు అంగల దూరాన్ని రెండున్నర అంగల్లో దాటాలని చూస్తే ఇరుక్కుపోతుంది. ఈ ఇబ్బంది వాస్తవమే గాని అధిగమించలేనిది కాదు. నిమిషానికి 350 మీటర్ల వేగంలో ఒక్కో అంగ 3.2 మీటర్లు అనుకుంటే నిమిషానికి సుమారు 110 అంగలు పడతాయి. కాంటర్ అనే మూడు తాళాల దౌడులో ఇది అసాధారణమేమీ కాదు. అంతకంటే ముఖ్యంగా, అంగను పొడిగించడం, కుదించడం శిక్షణతో అలవడే విద్య; నేల మీద పరచిన కర్రల మధ్య దూరాన్ని మెల్లగా మారుస్తూ సాధన చేయించిన మోర్గాన్ రౌతు అడిగినప్పుడల్లా అంగ మార్చుకోగలదు. పొడవాటి అంగ పుట్టుకతో వచ్చినా దానిని కుదించడం తెలియని గుర్రం ఇరుకు మలుపుల్లో ఇంతకంటే ఎక్కువ కష్టపడుతుంది.

మెడ, మోకాళ్ల గురించిన విమర్శ జాతినీ ఫ్యాషన్‌నూ కలగలిపేస్తోంది. ఇరవయ్యవ శతాబ్దంలో మోర్గాన్ ప్రదర్శనల్లో, ముఖ్యంగా శాడిల్ సీట్ అనే విభాగంలో, మెడ నిటారుగా ఎత్తి మోకాళ్లు ఛాతీ దాకా లేపే గుర్రాలకు బహుమతులు దక్కాయి; బహుమతులు దక్కిన చోటికే పెంపకందారుల దృష్టి మళ్లింది. జాతి మొత్తం అక్కడికే కుదించుకుపోలేదు. పాత వెర్మాంట్ రక్తాన్ని జాగ్రత్తగా కాపాడిన లిపిట్ కుటుంబం, ఇల్లినాయ్‌లో ఎదిగిన బ్రంక్ కుటుంబం, పశువుల పెంపకంలో పనిచేసిన పశ్చిమ ప్రాంతపు కుటుంబం, ప్రభుత్వ క్షేత్రంలో రూపొందిన గవర్నమెంట్ కుటుంబం అనే నాలుగు ప్రధాన శాఖలున్నాయి. వీటిలో నడక, మెడ అమరిక, శరీర నిష్పత్తులు ఒకే తీరుగా ఉండవు. డ్రెస్సాజ్ న్యాయనిర్ణేత చూసేది మెడ ఎత్తును కాదు. లయను, కండరాల సడలింపును, కళ్ళెంతో నిలకడైన సంబంధాన్ని, ముందుకు సాగే శక్తిని, వంకర లేని నడకను. ఈవెంటింగ్ కింది స్థాయులు కోరేది 20 మీటర్ల వృత్తాలు, తేలికైన నడక మార్పులే. వీపు కిందికి కుంగదీయకుండా, మెడ దించి, ముందుకు సాగేటట్లు ఓపికగా నేర్పిన మోర్గాన్ వాటిలో రాణిస్తుంది. అంతెందుకు, ఈ జాతి గుర్రాలు డ్రెస్సాజ్‌లో అత్యున్నతమైన గ్రాండ్ ప్రీ స్థాయికీ చేరాయి.

అత్యున్నత విజేతల జాబితాలో పేరు లేదన్న వాదానికి బలం ఉన్నట్టు కనిపిస్తుంది గాని, అది కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేస్తోంది. ఈ జాతి సంఖ్య తక్కువ. అందులో మంచివి ప్రదర్శనలకూ బండి పోటీలకూ పోతాయి. మిగిలినవాటిని కొనవద్దని శిక్షకులే చెబుతారు. దాంతో ఈవెంటింగ్‌లో వాటి సంఖ్య మరీ తగ్గుతుంది. ఆ తక్కువ సంఖ్యనే మళ్లీ అసమర్థతకు రుజువుగా చూపుతారు. వల వేయని చెరువులో చేపలు లేవని తేల్చడం వంటిదే ఇది. ప్రయత్నం జరిగిన చోట ఫలితం వేరుగా ఉంది: డ్రెస్సాజ్, బయలు దారి, శంఖాకార గుర్తుల మధ్య నేర్పుగా నడపడం అనే మూడు పరీక్షలతో ఈవెంటింగ్‌ను పోలిన కంబైన్డ్ డ్రైవింగ్ అనే బండి క్రీడలో, జంట గుర్రాల ప్రపంచ పోటీల్లో అమెరికాకు ప్రాతినిధ్యం వహించిన మొదటి అమెరికన్ జాతి మోర్గానే.

ఇలాంటి దురభిప్రాయం ఈ జాతికి కొత్త కాదు. అంతర్యుద్ధం తర్వాత ఎత్తు, వేగం మోజు పెరిగి, మోర్గాన్లను పొడవాటి పందెపు జాతులతో కలపడం ఎక్కువైంది. ఆ రక్తం స్టాండర్డ్‌బ్రెడ్, అమెరికన్ శాడిల్‌బ్రెడ్, టెన్నెసీ వాకింగ్ హార్స్ వంటి జాతులకు బలమిచ్చింది గాని, అసలు మోర్గాన్ కనుమరుగయ్యే దశకు చేరింది. జోసెఫ్ బాటెల్ అనే వెర్మాంట్ ప్రముఖుడు వంశావళులను శ్రమించి సేకరించి 1894లో మోర్గాన్ రిజిస్టర్ మొదటి సంపుటాన్ని ప్రచురించాడు. 1907లో వేబ్రిడ్జ్‌లోని తన క్షేత్రాన్ని అమెరికా ప్రభుత్వానికి ఇచ్చాడు. అక్కడ జనరల్ గేట్స్ అనే బీజాశ్వం ప్రధాన ఆధారంగా, సైన్యానికీ వ్యవసాయానికీ పనికొచ్చే స్వారీ గుర్రాలను ప్రభుత్వమే పెంచింది. 1951లో ఆ క్షేత్రం వెర్మాంట్ విశ్వవిద్యాలయానికి చేరింది. 1961లో వెర్మాంట్, 1970లో మసాచుసెట్స్ ఈ జాతికి రాష్ట్ర గౌరవం ఇచ్చాయి. పొడవే శ్రేష్ఠతన్న నమ్మకం ఒకప్పుడు ఈ జాతిని దాదాపు తుడిచిపెట్టింది. ఆ తప్పును సరిదిద్దడానికి ఒక తరం శ్రమ పట్టింది. నేడు అదే నమ్మకం క్రీడ పేరుతో తిరిగి తలెత్తుతోంది.

ఈ వాదానికి హద్దులున్నాయి, వాటిని స్పష్టంగా గుర్తించడమే దానికి బలం. ఇంగ్లండ్‌లోని బ్యాడ్మింటన్, అమెరికాలోని కెంటకీ వంటి చోట్ల జరిగే ఐదు నక్షత్రాల, అంటే అత్యున్నత స్థాయి పోటీల్లో పది నిమిషాలకు పైగా 570 మీటర్ల వేగాన్ని నిలబెట్టుకోవడం థరోబ్రెడ్ రక్తానికి సహజంగా అలవడే పని, మోర్గాన్‌కు కాదు. ఒలింపిక్ కలతో గుర్రం కొనేవారికి ఈ జాతిని సూచించడం నిజాయతీ అనిపించుకోదు. ప్రతి మోర్గానూ ఈవెంటింగ్‌కు తగదు. మోకాళ్లు ఎత్తడం కోసమే పెంచిన వంశాలను వదిలి, వాలుగా ఉన్న భుజం, బలమైన వెనుక కాళ్లు, సాఫీగా సాగే కాంటర్ ఉన్న గుర్రాన్ని ఎంచుకోవాలి. మూపు చదునుగా, ఒళ్లు గుండ్రంగా ఉండటం వల్ల జీను పక్కకు జారే అవకాశం ఉంది గనుక వెడల్పైన చట్రం గల జీను, ఛాతీ పట్టీ అవసరం. తక్కువ మేతతోనే ఒళ్లు చేసే లక్షణం ఒకవైపు ఖర్చు తగ్గిస్తుంది గాని, మరోవైపు స్థూలత, రక్తంలో ఇన్సులిన్ పెరగడం, గిట్టల్లో వాపు తెచ్చే లామినైటిస్ అనే వ్యాధికి దారి తీస్తుంది. కాబట్టి పచ్చిక, దాణా కొలిచి పెట్టాలి, వ్యాయామం తప్పనిసరి చేయాలి. ఇవన్నీ యజమాని శ్రద్ధతో తీరే విషయాలే.

ప్రబలమైన అభిప్రాయం వల్ల జరిగే అసలు హాని రౌతులకు. వారంలో మూడు నాలుగు గంటలు మాత్రమే స్వారీకి కేటాయించగల ఉద్యోగులు, ఇప్పుడిప్పుడే అడ్డంకులు దూకడం నేర్చుకుంటున్న యువకులు, పెద్ద క్రీడాకారుల మాట విని, తమ బలానికీ అనుభవానికీ మించిన పొడవాటి, చురుకైన గుర్రాలను కొంటారు; వాటిని అదుపు చేయలేక భయపడతారు, పడతారు, గాయపడతారు, చివరికి క్రీడనే వదులుతారు. ఆ గుర్రాలూ నలుగురి చేతులు మారి చెడిపోతాయి. 80 సెంటీమీటర్ల అడ్డంకిని దాటడానికి 1.20 మీటర్ల అడ్డంకి కోసం పుట్టిన గుర్రం అక్కర్లేదు. అక్కడ కావలసినది గట్టి కాళ్లు, చల్లని తల, తప్పు చేసిన రౌతును క్షమించే గుణం.

కాబట్టి శిక్షకులు, కొనుగోలుదారులు చేయవలసినది ఒక్కటే: జాతి పేరు వినగానే తీర్పు చెప్పడం మానాలి. ఏ స్థాయిలో పోటీ చేయదలచారో ముందుగా నిర్ణయించుకొని, ఆ స్థాయి కోరే ఎత్తు, వేగం, క్రమశిక్షణ ఎంతో రాసుకొని, ఎదురుగా ఉన్న గుర్రాన్ని వాటితో కొలవాలి. పశువైద్యుని చేత కాళ్లు, గిట్టలు పరీక్షింపజేయాలి. మైదానంలోనే కాక బయలు దారిలోనూ, నీటి దగ్గరా, కందకం దగ్గరా స్వారీ చేసి చూడాలి. ఆ కొలతకు నిలిచిన మోర్గాన్‌ను పొట్టిదని తిరస్కరించే హక్కు ఎవరికీ లేదు. మంచి మోర్గాన్ ట్రైనింగ్ స్థాయి దాకా పూర్తిగా నమ్మదగిన ఈవెంటింగ్ గుర్రం. మేలైన నడక, దూకే సత్తా ఉన్నది అంతకు పైనా పోటీపడగలదు. పోటీ లేని రోజున అదే గుర్రం అడవి దారిలో, బండి ముందు, పిల్లల కింద అంతే నిబ్బరంగా పనిచేస్తుంది. ఈవెంటింగ్ పుట్టినప్పుడు వెతికినది ఇటువంటి గుర్రాన్నే.